క్రూజ్ దిగడానికే మూడు గంటలు, ఫ్లైట్ మిస్.. తప్పు మాదేనా?

మిర్యాలగూడ చిన్నోడు:
కొంచెం పొడుగ్గా రాస్తున్నా, ఓపిక పట్టండి. అమ్మను, బాపును తీసుకొని సింగపూర్‌లో మూడు రాత్రుల క్రూజ్ ఎక్కాం. షిప్‌లో ఉన్నన్ని రోజులు వంక పెట్టడానికి లేదు, కథంతా దిగే రోజే. ముందు రోజు రాత్రి రంగు ట్యాగులిచ్చి, పెట్టెలకు కట్టి రూం బయట పెట్టమన్నారు, పెట్టాం. పొద్దున ఏడింటికే షిప్ ఒడ్డున ఆగి ఉంది. ఎనిమిదికల్లా రూం ఖాళీ చేయించారు, ఇక అక్కడి నుంచి లిఫ్టుల దగ్గర నేల మీద కూర్చోవడమే. మాది ఊదా ట్యాగు. మైకులో చెప్పేది ఒక్క ముక్క అర్థం కాదు, ఒకసారి మా రంగే పిలిచారనుకొని లేచి పోతే ఇంకా కాలేదని వెనక్కి పంపారు, మా తర్వాత వచ్చినవాళ్లు మాత్రం సంచులు లాక్కుంటూ మా ముందు నుంచే దిగిపోయారు. ఒకరు ఐదో అంతస్తుకు పొమ్మంటారు, అక్కడివాళ్లు ఏడుకే పొమ్మంటారు. బాపుకు మోకాళ్ల నొప్పులు. అమ్మ షుగర్ గోళీలేమో ఆ పెట్టెలోనే పోయాయి, గోళీ వేసుకోనిది ఆమె ఏమీ ముట్టదు, చేతిసంచిలో మిగిలిన రెండు సకినాలు ఇస్తే కూడా వద్దంది.

కింద హాల్లో వందల పెట్టెలు, అన్నీ నల్లవే. అమ్మ పిడికి పాత చీర అంచు కట్టింది కాబట్టి మాది దొరికింది. బయటపడేసరికి పదిన్నర దాటింది, ఫ్లైట్ 11:40కి. చాంగీ ఎయిర్‌పోర్టుకు పోయేసరికి కౌంటర్ మూసేశారు. ఎప్పుడూ ఇట్లనే ఉంటుందా, మేమే ఏమన్నా తప్పు చేశామా?

పాలమూరు అక్క:
తమ్ముడూ, 11:40 ఫ్లైట్ పెట్టుకోవడం ఒక్కటే నీ తప్పు. దిగే రోజు మధ్యాహ్నం రెండు దాటాకే టికెట్ తీసుకోవాలి. మీ ముందు నుంచి పోయినవాళ్లు లైన్ తప్పలేదు, వాళ్లు పెట్టెలు బయట పెట్టకుండా తమ సామాను తామే మోసుకొని దిగే రకం, వాళ్లను ముందే వదులుతారు. చిన్న పెట్టెలుంటే మనమూ అట్లనే దిగొచ్చు. గోళీలు, పాస్‌పోర్టు, ఒక జత బట్టలు ఎప్పుడూ చేతిసంచిలోనే ఉండాలి (మా అత్తమ్మ బట్టలన్నీ సర్ది బయట పెట్టేసి, పొద్దున నైటీ మీదనే దిగింది, ఇప్పటికీ ఆ ఫొటో ఎవరికీ చూపించనియ్యదు). ఇంకోటి, సింగపూర్‌లో షిప్ దిగినా కొత్తగా దేశంలోకి వచ్చినట్టే లెక్క, అరైవల్ కార్డు ఆన్‌లైన్‌లో మళ్లీ నింపాలి, వచ్చే రోజుతో కలిపి మూడు రోజుల లోపు. మా బ్యాచ్‌లో అది తెలియక సగం మంది లైన్లో నిలబడి ఫోన్లలో నింపుతూ కూర్చున్నారు.

దేవరకొండ మాజీ షిప్పు:
నేను ఆరేళ్లు షిప్‌లో రూములు ఊడ్చినవాడినే. షిప్ ఆగినంత మాత్రాన దించరు, పోర్టు అధికారుల క్లియరెన్స్ రావాలి, ఆ తర్వాత పెట్టెలు ముందు దిగుతాయి. అదే రోజు మధ్యాహ్నం కొత్తవాళ్లు ఎక్కుతారు కాబట్టి పొద్దున్నే రూముల్లోంచి లేపేస్తాం. వేల మందికి దిగే దారి ఒకటో రెండో. ఆలస్యం అర్థం చేసుకోవచ్చు, కానీ మీ షిప్ సిబ్బంది తికమక పెట్టింది మాత్రం పక్కా నిర్లక్ష్యం, ఒక మనిషి బోర్డు పట్టుకొని నిలబడితే అయిపోయే పని. బాపుకు వీల్‌చైర్ ముందు రోజే గెస్ట్ సర్వీస్‌లో చెప్పి ఉంటే వేరే దారిలో తీసుకుపోయేవాళ్లు. బిల్లు కూడా రాత్రే చూసుకోవాలి, కార్డు ఇవ్వకుండా నగదు కట్టేవాళ్లతో పొద్దున అక్కడ పెద్ద లైనుంటుంది.

కొల్లాపూర్ కృష్ణ ఒడ్డు:
అంత దూరం ఎందుకు, మా సోమశిల నుంచి శ్రీశైలం లాంచీ ఎక్కి చూడండి. పాతాళగంగ కనబడగానే అందరూ లేచి ఒక్క పక్కకే వస్తారు, లాంచీ వంగుతుంది, నడిపే ఆయన "కూసోండ్రి, కూసోండ్రి" అని గొంతు చించుకుంటాడు, ఒక్కడూ కూర్చోడు. ట్యాగూ లేదు, రంగూ లేదు. దిగాక రోప్‌వే దొరకకపోతే మెట్లెక్కాలి, మోకాళ్ల నొప్పులున్నవాళ్లకు అసలు కథ అక్కడ మొదలు.

మిర్యాలగూడ చిన్నోడు:
వీల్‌చైర్ సంగతి అసలు తట్టలేదన్నా, బాపు అడగనిచ్చేవాడూ కాదు, నాకేమైందని కోపానికొస్తాడు. ఇన్సూరెన్స్ వాళ్లకు ఫోన్ చేశా, దింపడంలో ఆలస్యమైందని షిప్ వాళ్ల నుంచి లెటర్ తెమ్మన్నారు. పొద్దున మెయిల్ పెట్టా, ఇంకా జవాబు లేదు.