ఓడ ఎక్కకుండా లోతు సముద్రం పని నేర్పగలమా?

వంశధార మాస్టారు, శ్రీకాకుళం:
ఎమ్మెస్సీ పిల్లలకు సముద్ర శాస్త్రం చెబుతాను. మొన్న ఒక సమావేశంలో ఒకాయన, రికార్డింగులు, డేటా చేతిలో ఉన్నాక కొత్తగా రీసెర్చిలోకి వచ్చినవాళ్లను నెల్లాళ్లు ఓడలో తిప్పడం దండగ అన్నారు. నాకు మింగుడు పడలేదు. 2021లో కేంద్రం డీప్ ఓషన్ మిషన్‌కు 4,077 కోట్లు ఒప్పుకుంది. ముగ్గురిని 6,000 మీటర్ల లోతుకు తీసుకెళ్లే జలాంతర్గామి వాహనం మత్స్య 6000ను చెన్నైలోని జాతీయ సముద్ర సాంకేతిక సంస్థ (ఎన్‌ఐఓటీ) తయారుచేస్తోంది. సరే, అడుగు నుంచి వచ్చిన మట్టినీ నీళ్లనూ చెడకుండా పట్టే చేతులు ఎక్కడ తయారవుతాయి? ఓడ మీద ఒక్క శాంపిల్ అయినా తన చేత్తో పట్టనివాళ్లకు శిక్షణ పూర్తయిందని రాయకూడదు. కాదనేవాళ్లు చెప్పండి.

కోటగుమ్మం, విజయనగరం:
నేను కాదంటాను మాస్టారూ. ఓడలో బెర్తులెన్ని, అడిగేవాళ్లెందరు? ఆర్గో ఫ్లోట్లని, మనిషి లేకుండా సముద్రంలో తిరిగే పరికరాలున్నాయి. అవి పది రోజులకోసారి 2,000 మీటర్ల నుంచి పైకొస్తూ వేడి, ఉప్పుశాతం కొలిచి పంపుతాయి. ఆ డేటా అందరికీ ఉచితం. నేను పని నేర్చుకున్నది దాంతోనే, మా ఇంట్లో కూర్చుని. విశాఖ హాస్టలుకు పంపడానికే మా అమ్మ ఏడాది ఒప్పుకోలేదు. నెల్లాళ్లు నడిసముద్రంలో అంటే ఒప్పుకుంటుందా? ఓడ తప్పనిసరి చేస్తే మాలాంటి ఆడపిల్లల్ని గుమ్మంలోనే ఆపేసినట్టు.

భావనపాడు రేవు:
నీ బాధ నిజం చెల్లెమ్మా. మా నాన్న వేటకెళ్లే మనిషి, అయినా ఓడలో మొదటి మూడు రోజులు నాకు వాంతులే. నేను చేసిన తప్పొకటి చెప్తాను. సీటీడీని, అంటే ఉప్పుశాతం, వేడి, లోతు కొలిచే పరికరాన్ని, నీళ్లు పట్టే పెద్ద బాటిళ్లతో సహా 4,000 మీటర్లకు దింపాం. కేబుల్ సెకనుకు మీటరు చొప్పున వదిలితే దిగడానికే గంట దాటుతుంది, ఎక్కడానికి మరో గంట. తెల్లవారుజామున మూడింటికి డెక్ మీదకొచ్చింది. బయట ఉక్కపోత, అడుగు నీళ్ల బాటిల్ పట్టుకుంటే ఐసుముక్క. ఆ బాటిల్ నుంచి, నీళ్లలో కరిగిన ఆక్సిజన్ కొలిచే శాంపిల్ ముందు చిన్న సీసాలోకి పట్టాలి. ట్యూబు సీసా అడుగుకు ఆనించి, ఒక్క బుడగ లేకుండా నింపి, పొంగి పొర్లనివ్వాలి. నిద్రమత్తులో నేను ఉప్పుశాతం సీసా ముందు నింపేశాను. బాటిల్లోకి గాలి చేరిపోయింది. మా సీనియర్ అక్క తిట్టలేదు. రిజిస్టర్లో ఆ బాటిల్ ఎదురుగా "సందేహం" అని నా చేతే రాయించింది. ఆ గుర్తు లేకపోతే ఆ అంకె మంచి అంకెలాగే కంప్యూటర్లోకి వెళ్లిపోయేది.

కోటగుమ్మం:
అన్నా, అలాంటి గుర్తున్న వరసల్ని నేను చూడకుండానే తీసేస్తుంటాను. ఎందుకు పెట్టారో ఏనాడూ ఆలోచించలేదు. ఆ మాట ఒప్పుకుంటున్నాను. కానీ బెర్తు ఎవరికన్న ప్రశ్న అలాగే ఉంది. మా దగ్గర జాబితా వచ్చేసరికి అన్నీ మగపిల్లల పేర్లే. వస్తావా అని మమ్మల్ని అడిగినవాళ్లే లేరు.

వంశధార మాస్టారు:
అమ్మా, ఆ సంగతి నాకు తట్టలేదు, తప్పు నాదే. ముందు కళింగపట్నం నుంచి పడవలో మొదలుపెడదాం. ముప్పై మీటర్ల నీళ్లలో తాడుతో ఒక్క బాటిల్. పొద్దున్న వెళ్తే సాయంత్రానికి ఇంట్లో ఉంటారు. ఆక్సిజన్ పట్టడం, అడుగు మట్టిని సెంటీమీటరు చొప్పున కోయడం చేతికొస్తాయి. అలాగని ఓడ మాట వదలను. గంటల తరబడి ఎదురుచూపు, రాత్రి షిఫ్టు, ఒక్క పొరపాటుకు పూటంతా పోవడం పడవలో తెలియవు. బెర్తుల్లో సగం ఆడపిల్లలకివ్వాలని, పేర్లు నోటీసు బోర్డులో పెట్టాలని వచ్చే సమావేశంలో రాసిస్తాను.

భావనపాడు రేవు:
పడవ మా మావయ్యది ఉంది మాస్టారూ, డీజిలు మీరు చూసుకోండి. వేట నిషేధం ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, ఆ 61 రోజులూ పడవ ఖాళీయే. మత్స్యశాఖవాళ్లకు మాత్రం ముందే చెప్పి కాగితం తీసుకుందాం.