వీ1–వీ2–వీ3 పట్టిక బట్టీ పట్టించాలా, వద్దా?

నల్లబల్ల: ఇంగ్లిష్ క్రియకి వీ1 అంటే మూలరూపం, వీ2 భూతకాల రూపం, వీ3 హావ్ తర్వాత వచ్చే రూపం. గో–వెంట్–గాన్ అంటూ వంద క్రియలు గుక్క తిప్పుకోకుండా అప్పజెప్పే పిల్లలే వాక్యం దగ్గరకొచ్చేసరికి ‘హి డిడ్ నాట్ వెంట్’ అంటారు. మరి ఆ పట్టిక ఎందుకు?

తెలుగుమీడియం: తప్పు పట్టికది కాదండీ, డిడ్ పక్కన ఏ రూపం రావాలో చెప్పకపోవడానిది. ‘వచ్చాడు’కి వ్యతిరేకం ‘వచ్చాడులేదు’ అంటామా? ‘రాలేదు’ అంటాం. కాలం సంగతి ‘లేదు’ చూసుకుంటుంది, క్రియ ‘రా’ దగ్గరికి పోతుంది. కేమ్ కూడా అంతే, డిడ్ నాట్ వస్తే కమ్ అయిపోతుంది. ఈ పోలిక ఒక్కసారి చూపిస్తే చాలు. ప్రశ్న దగ్గర మాత్రం తెలుగు ఆదుకోదు. ‘వచ్చాడా?’ అని భూతకాల రూపానికే దీర్ఘం తగిలిస్తాం కదా, ‘డిడ్ హి కేమ్?’ అనే పొరపాటుకి దారి అక్కడే. కాబట్టి ప్రతి క్రియకీ మూడు వాక్యాలు ఒకే ఊపులో చెప్పించాలి: డిడ్ హి కమ్? హి కేమ్. హి డిడ్ నాట్ కమ్.

పదనిస: బట్టీ ఎందుకు, శబ్దాన్ని బట్టి గుంపులు చేస్తే పోతుంది. డ్రింక్–డ్రాంక్–డ్రంక్, బిగిన్–బిగాన్–బిగన్, స్విమ్–స్వామ్–స్వమ్. ఇ–ఆ–అ, అంతే. కీప్–కెప్ట్, స్లీప్–స్లెప్ట్, స్వీప్–స్వెప్ట్ ఇంకో గుంపు. కట్, పుట్, హిట్, షట్ అసలు మారవు.

నల్లబల్ల: గుంపు నేర్పిన మర్నాడే బ్రింగ్‌కి ‘బ్రాంగ్’ అని రాస్తారు చూడండి! అది బ్రాట్. స్వింగ్‌కి రెండు రూపాలూ స్వంగే. పీప్‌కి ‘పెప్ట్’ లేదు, పీప్డ్. గుంపు అనేది తెలిసినవాడికి సర్దుకోవడానికి పనికొస్తుంది, తెలియనివాడికి ఊహించడానికి కాదు.

పదనిస: ఒప్పుకుంటాను. గుంపుతో పాటే దాని దొంగలనూ చూపించాలి.

కామా: ఇద్దరూ అన్ని క్రియలకూ ఒకే శ్రమ పెడుతున్నారు. బై–బాట్–బాట్‌లో వీ2కి, వీ3కి తేడా లేదు, హావ్ తర్వాత తప్పు రాయాలన్నా రాయలేరు. అసలు చిక్కు ఆ రెండూ వేరైన చోటే: గో, సీ, డూ, టేక్, గివ్, రైట్, ఈట్, బ్రేక్, స్పీక్. ముందు వీటిని పట్టండి, వారానికి ఐదు మించకుండా. కమ్–కేమ్–కమ్, రన్–రాన్–రన్ ఇంకా మాయదారివి. మూడోది మళ్లీ మొదటిదే కావడంతో ‘ఐ హావ్ కేమ్’ అనేస్తారు.

తెలుగుమీడియం: లై, లే కూడా కలపండి. పడుకునే లైకి భూతకాలం లే, వీ3 లెయిన్. పెట్టడం అనే లేకి లెయిడ్–లెయిడ్. అబద్ధమాడే లైకి లైడ్–లైడ్. పట్టికలో పక్కపక్కన రాస్తే గందరగోళమే, అర్థంతో వాక్యంలో పెట్టి విడివిడిగా, వేర్వేరు వారాల్లో చెప్పాలి.

నల్లబల్ల: గెట్‌కి వీ3గా గాటెన్ రాస్తే మార్కు కొట్టేస్తారా?

కామా: అమెరికా వాడుకలో అది సరైనదే, బ్రిటిష్ పద్ధతిలో గాట్. లెర్న్‌ట్, లెర్న్‌డ్ రెండూ చెల్లుతాయి. ఒక వ్యాసంలో రెండు పద్ధతులూ కలిపితే అప్పుడు ఎర్ర సిరా తీయండి. రీడ్ సంగతి వేరు. మూడు రూపాల స్పెల్లింగూ ఒకటే, వీ2, వీ3ల పలుకు మాత్రం రెడ్. రాతపరీక్షలో ఈ తప్పు దొరకదు, పైకి చదివించాల్సిందే.