అప్‌డేట్: మలుపుల్లో మందగించిన మా అబ్బాయి గో-కార్ట్

మలుపు నుంచి బయటికి వచ్చేటప్పుడు మా 11 ఏళ్ల అబ్బాయి కార్ట్ (చిన్న రేసు బండి) వేగం కోల్పోతోందని, ఇంజన్ మార్చాలా అని ఇదివరకు అడిగాను. ఇంజన్ జోలికి పోవద్దన్న మీ సలహాయే సరైనదని తేలింది. కార్ట్‌కు డిఫరెన్షియల్ (మలుపులో రెండు చక్రాలూ వేర్వేరు వేగాలతో తిరగనిచ్చే భాగం) ఉండదు కనుక వెనుక చక్రాలు రెండూ ఒకే ఇరుసుపై ఒకే వేగంతో తిరుగుతాయి. మలుపులో లోపలివైపు వెనుక చక్రం క్షణకాలం నేల విడవకపోతే, ఆ టైరు ఈడ్చుకుపోయి బండి మందగిస్తుంది. అందుకే శనివారం ప్రాక్టీసులో, ఆ చక్రం సులువుగా పైకి లేచేలా ముందు చక్రాల మధ్య ఎడం కొద్దిగా పెంచి, టైర్లు చల్లగా ఉండగానే గాలి సరిచూశాం. ఆ కొలతలన్నీ మా అమ్మాయే ఎంతో ఓపికగా రాసిపెట్టింది. ఆదివారం ఫైనల్లో వాడు 7వ స్థానంలో ముగించాడు. అంతకంటే నాకు ఊరటనిచ్చిన విషయం, పక్కటెముకలకు రక్షణ కవచం వేసుకున్నందువల్ల ఈసారి వాడు నొప్పి అనకపోవడం. మీ అందరికీ మా కుటుంబం తరఫున కృతజ్ఞతలు.