వడి, వేగం ఒకటేనా?

ప్రశ్న: మావాడు తొమ్మిదో తరగతి, తెలుగు మీడియం. 400 మీటర్ల ట్రాక్ మీద ఒక చుట్టు 80 సెకన్లలో పరుగెత్తితే సరాసరి వేగం ఎంత అని పరీక్షలో అడిగారు. సెకనుకు 5 మీటర్లు అని రాశాడు. తప్పట, సున్నా అట! అంత రొప్పుతూ పరుగెత్తినవాడి వేగం సున్నా ఏమిటండీ? వడి అన్నా వేగం అన్నా ఒకటే కదా?

జవాబు: మాటల్లో ఒకటేనండి. వడివడిగా నడిచాడన్నా, వేగంగా నడిచాడన్నా తేడా లేదు. ఒకటి తెలుగు, ఒకటి సంస్కృతం, అంతే. పుస్తకాలు రాసినవాళ్లకు రెండు భావాలకు రెండు మాటలు కావాల్సి వచ్చి, ఈ జంటను చెరోదానికి పంచారు. దిక్కుతో పని లేనిది వడి, దిక్కు కూడా చెప్పాల్సింది వేగం. మీవాడు లెక్కగట్టిన 5 సరాసరి వడి. పరుగెత్తినవాడు బయల్దేరిన గీత దగ్గరికే తిరిగొచ్చాడు కాబట్టి స్థానభ్రంశం, అంటే బయల్దేరిన చోటి నుంచి చేరిన చోటికి తిన్నగా ఉన్న దూరం, సున్నా. సరాసరి వేగానికి కాలంతో భాగించేది దాన్నే కాబట్టి అదీ సున్నా. హిందీవాళ్లూ ఇలాగే చాల్, వేగ్ అని విడదీశారు. ఈ లెక్కన రోడ్డు పక్కన ‘వేగ పరిమితి’ బోర్డు కూడా తప్పే! దాన్ని ఎవరూ మార్చరు, మార్చక్కర్లేదు కూడా.

నాకు ఈ తేడా తలకెక్కింది వడిసెలతో. చిన్నప్పుడు జొన్నచేలో మంచె మీద నిలబడి పిట్టల్ని తోలేవాళ్లం. రాయి పెట్టి తల చుట్టూ ఒకే ఊపున తిప్పుతుంటే రాయి వడి మారదు. దిక్కు మాత్రం క్షణక్షణం మారుతుంది, అంటే వేగం మారుతోంది. వేగం మారితే త్వరణం ఉన్నట్టే. వేళ్లు కోసుకుపోయేలా తాడు బిగుసుకునేది అందుకే. ఒక కొస వదిలామా, రాయి ఇక వంపు తిరగదు, ఆ క్షణాన ఎటు పోతోందో అటే దూసుకుపోతుంది.

ఇంకొకరు: మరి త్వరణం అంటే త్వరపడటం కదా మాస్టారూ, బ్రేకు వేసినా త్వరణమే అంటారేం?

జవాబు: మాటేమో ‘త్వర’ నుంచి తెచ్చారు, అర్థమేమో వేగంలో మార్పు. చిక్కంతా అక్కడే. గంటకు 54 కిలోమీటర్లతో పోయే బస్సు అంటే సెకనుకు 15 మీటర్లు. బ్రేకు నొక్కాక 5 సెకన్లలో ఆగితే, సెకను సెకనుకూ 3 మీటర్ల చొప్పున తగ్గినట్టు. దీన్ని ఋణత్వరణం అంటారు, ఋణ అంటే లెక్కల్లో మైనస్. ఈ మాట బోర్డు మీద రాయగానే మా క్లాసులో ఒకడు లేచి, “బస్సుకి అప్పెవరిచ్చారు సార్?” అన్నాడు.