పెంజీకటికి అవ్వల ‘ఎవ్వండు’

పొద్దున గ్రూపులో ఒకరు అడిగారు. చిక్కడపల్లిలో ఏదో ప్రవచనానికి వెళ్తే వక్తగారు "భగవంతుడి మహిమ మాటలకందదు" అని మొదలుపెట్టి గంటన్నర మాట్లాడారట. అందనప్పుడు అన్ని మాటలెందుకు, మన కవులు ఈ చిక్కుని ఎలా దాటారు అని ప్రశ్న. కామెంట్లో రాద్దామని కూర్చుంటే పెద్దదైపోయింది, అందుకే వేరే పోస్టు.

నాకు తోచిన జవాబు గజేంద్రమోక్షంలోని ఈ కందం. చాలామందికి నోటికి వచ్చిందే, అందుకే ఆగి చదివేవాళ్లు తక్కువ.

లోకంబులు లోకేశులు
లోకస్థులు దెగిన దుది నలోకంబగు పెం
జీకటి కవ్వల నెవ్వం
డేకాకృతి వెలుగు నతని నే సేవింతున్.

లోకాలు, వాటిని ఏలేవాళ్లు, వాటిలో బతికేవాళ్లు అంతా పోయాక మిగిలే ఆ పెద్ద చీకటికి అవతల ఎవడు వెలుగుతుంటాడో అతన్ని కొలుస్తాను అంటోంది ఏనుగు. ‘లోకం’ అన్న మాటకి చూడటం అనే ధాతువు మూలం, కాబట్టి అలోకం అంటే లోకం లేకపోవడం ఒక్కటే కాదు, చూపుకి ఏదీ దొరకకపోవడం కూడా. మూడుసార్లు లోకం లోకం లోకం అని పేర్చి, నాలుగోసారి ముందు ఒక ‘అ’ పెట్టి మొత్తం తుడిచేశాడు పోతన. పెంజీకటి అన్న మాట రెండో పాదంలో మొదలై మూడో పాదంలోకి పడుతుంది. కందంలో ఇలా విరగడం మామూలే, ‘క’ ప్రాస కుదరాలి కదా అని కొట్టిపారేయొచ్చు కూడా, కానీ పైకి చదువుతూ ‘పెం’ దగ్గర ఒక్క క్షణం ఆగి చూడండి.

సరే, అసలు విషయానికొస్తాను. మాటకందనిదాన్ని చెప్పడానికి ఎక్కువగా కనబడే పద్ధతి లెక్కపెట్టి ఓడిపోవడం. శివమహిమ్న స్తోత్రంలో నల్లకొండంత కాటుక, సముద్రమంత సిరాబుడ్డి, కల్పవృక్షపు కొమ్మే కలం, భూమంతా కాగితం, రాసేది సాక్షాత్తూ శారద, ఎప్పటికీ రాస్తూనే ఉన్నా ఈశ్వరా నీ గుణాలకి అంతు దొరకదంటారు. ఖురాన్ 18వ సూరా 109వ ఆయతులోనూ సముద్రమే సిరా, ప్రభువు మాటలు అయిపోకముందే సముద్రం అయిపోతుంది, అలాంటిదే ఇంకొకటి తెచ్చి కలిపినా అంతే. (మన హైదరాబాద్‌లో ఈ రెండూ చదివే ఇళ్లు ఒకే గల్లీలో ఉంటాయి, ఒకరి సిరా సంగతి ఒకరికి తెలియదు.) రెండూ గొప్పవే. కానీ వాటిలో దేవుడు ‘చాలా ఎక్కువ’, ఎంత రాసినా సరిపోనంత ఎక్కువ. పోతన కందంలో ఎక్కువ అన్న ఊసే లేదు, ఉన్నవన్నీ తీసేసుకుంటూ పోయాడు, చివరికి మిగిలింది ‘ఎవ్వండు’, ఉత్త ప్రశ్న.

కామెంట్: ఇది సంస్కృత భాగవత మూలంలో ఉన్నదే కదండీ, ‘తమస్తదాసీద్ గహనం గభీరం యస్తస్య పారేఽభివిరాజతే విభుః’ అని. పోతన సొంతం ఏముంది ఇందులో?

జవాబు: మంచి పాయింటు సార్. అష్టమ స్కంధం మూడో అధ్యాయం, ఆ చీకటీ ఆ అవతలా అక్కడివే. కానీ మూలంలో చివర ‘విభుః’ అని ఉంది, ప్రభువు అని. పోతన దాన్ని వదిలేశాడు. పైగా సంస్కృతంలో ‘ఎవడైతే’ అనే ‘యః’ వేరు, ప్రశ్న అడిగే ‘కః’ వేరు. తెలుగులో ఆ రెండు పనులూ ‘ఎవడు’ ఒక్కడే చేస్తాడు, అందుకే మన చెవికి అక్కడ ఎంతో కొంత ప్రశ్న వినబడి తీరుతుంది. ఇంకాస్త ముందుకెళ్తే ‘కలడు కలండనెడివాడు కలడో లేడో’ అని ఆ ప్రశ్న బయటపడుతుంది కూడా. అడ్రస్ రాయని ఉత్తరం లాంటి మొర అది, అందుకే ‘విశ్వమయత లేమి వినియు నూరక యుండి రంబుజాసనాదులు’, బ్రహ్మాదులు విన్నారు, తమకి కాదని కదల్లేదు.

కామెంట్: అయితే ప్రవచనకారుడు నోరు మూసుకోవాలంటారా? 😀

జవాబు: అయ్యో లేదండీ. పోతనే మాట్లాడాడు కదా, వేల పద్యాలు. ‘భాగవతము తెలిసి పలుకుట చిత్రంబు, శూలికైన దమ్మిచూలికైన’ అంటాడు, శివుడికీ బ్రహ్మకీ కూడా కష్టమేనట, ఆ వెంటనే ‘విన్నంత కన్నంత తెలియవచ్చినంత తేటపఱతు’ అని పని మొదలుపెడతాడు. మూడుసార్లు ‘అంత’. నాకు ఆ ధైర్యం నచ్చుతుంది, వినయం కంటే.

అన్నట్టు ‘ఏకాకృతి’ మాత్రం నాకు ఇంకా కొరుకుడు పడలేదు. చూపే ఆనని చోట మళ్లీ ఆకృతి ఏమిటి? మూలంలో ఆ మాట లేదు, పోతనే తెచ్చిపెట్టాడు.

కామెంట్: ఒకే ఆకారం అని కాకుండా ఎప్పుడూ ఒకే తీరుగా, మారకుండా అని తీసుకోండి. అన్నీ తెగిపోయాక తెగకుండా ఉన్నవాడు అని.

జవాబు: ఆ అర్థం చక్కగా అతుకుతుంది మేడమ్. కానీ ‘తీరు’ అనే మాటలు ఇంకా ఉండగా ఆకృతే ఎందుకు ఎంచుకున్నాడు? ఛందస్సు కోసమే అంటే మాత్రం నేనొప్పుకోను.