జపనీస్ ఆన్‌లైన్ ప్రైవేటు క్లాసులు: జపాన్ టీచరా, తెలుగు టీచరా?

కాకినాడ_సిస్టర్:
జీఎన్ఎం నర్సింగ్ కోర్సు చేసి నాలుగేళ్ళుగా ఆసుపత్రిలో పని చేస్తున్నాను. వృద్ధులను చూసుకునే కైగో పని మీద జపాన్ వెళ్ళాలని ఉంది. దానికిచ్చే టొకుతెయ్ గినో (నైపుణ్యం ఉన్న పనివాళ్ళ) వీసాకి జపనీస్ భాషా పరీక్షల్లో ఎన్4 గానీ జేఎఫ్‌టీ బేసిక్ గానీ పాసవ్వాలి, కైగో జపనీస్ పరీక్ష దానికి అదనం. హిరగానా, కతకనా అక్షరాలు సొంతంగా వచ్చేశాయి. ఇద్దరితో ట్రయల్ క్లాసు తీసుకున్నాను. ఒకావిడ ఒసాకా, గంటకి 1,400, తెలుగు రాదు, ఇంగ్లీషు అంతంత మాత్రం. ఇంకొకరు మనవాళ్ళే, ఎన్4 కంటే రెండు మెట్లు పైదైన ఎన్2 పాసయ్యారు, గంటకి 450. ఇద్దరినీ పెట్టుకునే స్తోమత లేదు. దయచేసి "రెండూ మంచివే" అనకండి.

హమామత్సు_రాజు:
చెల్లెమ్మా, అప్పు చేసైనా ఒసాకా ఆవిడ దగ్గరే చేరు. నేను జపాన్ వచ్చి తొమ్మిదేళ్ళు. మనవాళ్ళ దగ్గర నేర్చుకుంటే మనలాగే మాట్లాడతాం. త్సునామీని సునామీ అనే జాతి మనది. ఆ 'త్సు' పలకడం మనవాళ్ళకి పుట్టుకతో రాదు, నేర్పేవాడికి రానిది నేర్చుకునేవాడికి ఎక్కణ్ణుంచి వస్తుంది?

చుక్కలచొక్కా:
రాజుగారూ, నా పేరు ఒకసారి గట్టిగా చదవండి. చుక్కలో చు, చొక్కాలో చొ. పెద్దబాలశిక్షలో దాన్నే దంత్య చకారం అన్నారు. మీ 'త్సు' అదే. జల్లెడలో జ అంటారే, అది వాళ్ళ 'ద్జు'కి దగ్గర. పుట్టుకతో వచ్చినదాన్ని రాదంటారేంటి?

అసలు లాభం వ్యాకరణంలో ఉంది. వాళ్ళ వాక్యం మన వాక్యంలాగే క్రియతో ముగుస్తుంది. "తిని చూడు" అంటే తబెతె మితె: తిని, చూడు, అంతే. "రాను అని చెప్పాడు" అంటే కొనై తొ ఈమాష్త. ఆ 'తొ' మన 'అని'. దీన్ని ఇంగ్లీషులో వివరించాలంటే అరగంట క్లాసు కరిగిపోతుంది, 1,400లో 700 పోయినట్టే. తెలుగు టీచరు 'అని' అని ఊరుకుంటే చాలు.

విశాఖ_వీరుడు:
మా అమ్మాయి చుక్కని ఇంగ్లీషు 'చ'తోనే పలుకుతుంది. ఆ అక్షరం ఈ తరంతో సరి.

హమామత్సు_రాజు:
అదీ సంగతి. 'అని' వరకు బాగుంది, మరి జపనీస్‌లో పేరు పక్కన చేర్చే 'వా'కీ 'గా'కీ తేడా మీ తెలుగులో చెప్పండి చూద్దాం. జపాన్ వాళ్ళే తడుముకుంటారు.

చుక్కలచొక్కా:
"రాజైతే వచ్చాడు, మిగతావాళ్ళ సంగతి తెలీదు." ఇక్కడ రాజు పక్కన 'వా'. "వచ్చింది రాజే." ఇక్కడ 'గా'. అన్నిచోట్లా ఇంత తేలిగ్గా కుదరదు, ఒప్పుకుంటాను. మొదటి ఆర్నెల్లకి ఇది చాలు.

సిస్టర్ గారూ, ఎన్4లో మాట్లాడే పరీక్షే లేదు, అంతా గడులు నింపడమే. 180కి 90 రావాలి. అందులో భాష, చదవడం కలిపి 120కి కనీసం 38, వినడం 60కి కనీసం 19. దీనికి యాస ఎందుకు?

హమామత్సు_రాజు:
ఆ మాట కోసమే చూస్తున్నా. నేనూ హైదరాబాద్‌లో ఒక తెలుగు సారు దగ్గరే ఎన్3 దాకా చదివాను. సర్టిఫికెట్ జేబులో పెట్టుకుని ఫ్యాక్టరీలో దిగాను. మొదటి వారం మా లైన్ లీడర్ని, నలభై ఐదేళ్ళావిడని, మర్యాదగా పిలుద్దామని 'అత్తా' అనే మాట వాడాను. నా నోట్లోంచి 'అమ్మమ్మా' అని వచ్చింది. షిఫ్టు మొత్తం నవ్వింది. అప్పట్నుంచి మూణ్ణెల్లు "హై" (అవును) తప్ప ఇంకో మాట అనలేదు. ఇంత జరిగాక కూడా మనవాళ్ళ దగ్గర చేరమని చెప్పాలా?

చుక్కలచొక్కా:
ఒబసన్ అంటే అత్త, ఒబాసన్ అంటే అమ్మమ్మ. తేడా ఒక్క దీర్ఘం. హ్రస్వదీర్ఘాలు ప్రాణంగా ఉన్న భాష మాట్లాడుతూ అక్కడ తప్పారంటే, మీ సారు మీచేత ఇంగ్లీషు అక్షరాల్లో రాయించి ఉంటారు. తెలుగు లిపిలో రాసుకుని ఉంటే ఆ దీర్ఘం కంటికి కొట్టేది. మీ కథ నా వాదనకే సాక్ష్యం.

హమామత్సు_రాజు:
తెలుగు లిపిలో జపనీస్ రాసుకునేవాడు జన్మలో కంజీ, అదే వాళ్ళ చైనా అక్షరాలు, చదవడు. రాసిపెట్టుకోండి.

చుక్కలచొక్కా:
తెలుగులోనే రాసిపెట్టుకున్నాను.

భీమవరం_బుల్లోడు:
😂 ఇది సిస్టర్ గారి పోస్టు అన్న సంగతి ఎవరికైనా గుర్తుందా? వేళల గురించి ఒక మాట. జపాన్ మనకంటే మూడున్నర గంటలు ముందు. డ్యూటీ దిగి రాత్రి తొమ్మిదికి క్లాసు అంటే ఒసాకాలో పన్నెండున్నర. తెల్లారి ఆరుకి కూర్చోగలిగితేనే ఆవిడ సంగతి ఆలోచించండి.

హమామత్సు_రాజు:
చొక్కా గారూ, ఒక్క ప్రశ్న. మీరు ట్యూషన్లు చెబుతారా?

చుక్కలచొక్కా:
చెబుతాను. తెనాలిలో ఇంట్లో కూర్చుని, ఆన్‌లైన్లో. దాచలేదు, ఎవరూ అడగలేదు.

హమామత్సు_రాజు:
అడగాలా? సొంత దుకాణం కోసం ఆ అమ్మాయి భవిష్యత్తుతో బేరం ఆడుతూ, ఇంతసేపూ వ్యాకరణం పేరు చెప్పారు!

చుక్కలచొక్కా:
పోయిన నెల ఇద్దరు పిల్లలు నన్ను వదిలి జపాన్ టీచర్ల దగ్గరకి వెళ్ళారు. ఒకమ్మాయికి అక్షరాల దగ్గర్నుంచి నేనే నేర్పాను. వెళ్ళేటప్పుడు "మీది ఒరిజినల్ కాదు కదా మేడమ్" అంది. కోపం ఉంది, లేదనను. కానీ బోధన రాని మనిషి కూడా జపాన్‌లో పుట్టిన ఒక్క కారణానికి నాకు మూడింతలు ఎందుకు తీసుకోవాలి? ఐటాకీ అనే ఆన్‌లైన్ ట్యూషన్ల సైట్లో ప్రొఫెషనల్ టీచర్లు వేరు, కమ్యూనిటీ ట్యూటర్లు వేరు. ఆ తేడా చూసేవాళ్ళు ఎంతమంది? నాలుగు కబుర్లు చెప్పి, ప్రతి తప్పుకీ "జోజు దెస్ నే" అని మెచ్చుకుని పంపేస్తే అది క్లాసా?

హమామత్సు_రాజు:
ఆ "జోజు" సంగతి మాత్రం నిజం. అరిగతో (థాంక్స్) అన్నా చాలు, భలే మాట్లాడుతున్నారంటారు. నిజంగా బాగా మాట్లాడితే ఎవరూ అనరు, ఎన్నేళ్ళుగా ఉంటున్నావని అడుగుతారు.

మీ మీద కోప్పడ్డాను, సరే. కానీ నా బాధ మీకు అర్థం కాలేదు. నా ఎన్3 మంచిదే. మా సారు ముందు ఎన్ని తప్పులు చేసినా నాకు భయం వేసేది కాదు, మనాయనే కదా. ఆ భయం హమామత్సులో, ముప్ఫై మంది ముందు, జీతం తీసుకునే చోట మొదటిసారి వేసింది. అదేదో నా గదిలో, కంప్యూటర్ ముందు, ఒక్క జపాన్ మనిషి ఎదుట వేసి పోయుంటే బాగుండేది. ఆ 1,400 దానికి.

చుక్కలచొక్కా:
ఈ ముక్క మొదటే చెప్పాల్సింది. 'త్సు' గురించి కాదన్నమాట మీ గొడవ. అయినా నా దగ్గర భయం వేయకపోవడమే నా పాఠంలో లోపమంటే ఒప్పుకోను.

ఫుకువొకా_లక్ష్మి:
నేను ఇక్కడ జపాన్‌లో కేర్ హోమ్‌లో పని చేస్తున్నాను. మీరిద్దరూ చెప్పనిది ఒకటుంది. ఇక్కడి ముసలివాళ్ళు మాట్లాడేది ఇక్కడి యాస. ఒసాకా ఆవిడ భాషా కాదు, తెనాలి మేడమ్ భాషా కాదు, అది వచ్చాకే వస్తుంది. నన్ను ఏడిపించింది మోషిఒకురి. షిఫ్టు మారేటప్పుడు ఎవరు ఎంత తిన్నారు, ఎవరికి జ్వరం, ఎవరు రాత్రి లేచి తిరిగారు అని తరువాతివాళ్ళకి గడగడా అప్పజెప్పాలి. ఆ తరువాత రికార్డు రాయాలి, కంజీతో. పరీక్షలో వచ్చిన మార్కులు అక్కడ ఏం చేస్తాయమ్మా? టీచరు ఎవరైనా సరే, నీ వార్డులో రోజూ ఇచ్చే హ్యాండోవర్‌నే జపనీస్‌లో చెప్పించమను. కాదంటే ఆ టీచరు వద్దు. వ్యాకరణానికి జపాన్ ఫౌండేషన్ వాళ్ళ ఇరోదోరి పాఠాలు ఉచితంగా దొరుకుతాయి, దానికి గంటల లెక్కన డబ్బు పోయకు.

కాకినాడ_సిస్టర్:
లక్ష్మక్కా, చాలా థాంక్స్. నిన్న నైట్ డ్యూటీలో నాలుగు పడకల హ్యాండోవర్ రాసుకున్నాను. తెలుగు టీచరు గంట కూర్చుని ఎర్ర ఇంకుతో నింపేశారు. ఈ పొద్దున ఆరింటికి ఒసాకా ఆవిడకి అప్పజెప్పాను. చేతులు వణికాయి, రాజుగారు చెప్పినట్టే. మూడో పడక దగ్గర ఆగిపోయాను. అయిపోయాక నవ్వి "జోజు" అన్నారు. ఇప్పుడు సంతోషించాలా, వద్దా?

హమామత్సు_రాజు:
వద్దు. మూడో పడక దగ్గర ఎక్కడ ఆగావో మళ్ళీ చెప్పించిందా?

కాకినాడ_సిస్టర్:
లేదండి. టైమ్ అయిపోయింది.

చుక్కలచొక్కా:
1,400.