ఒక్కరితో ఆపేస్తే తప్పేమిటి?

ఉప్పల్ మాస్టారు:
సాయంత్రం మా అపార్ట్‌మెంటు కింద బెంచీల మీద చేరేవాళ్లమంతా అరవై దాటినవాళ్లమే. ఉయ్యాల ఖాళీ. జనాభా తగ్గకుండా ఉండాలంటే ఒక్కో మహిళకు సగటున 2.1 మంది పిల్లలుండాలి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో తెలంగాణ సగటు 1.8. దక్షిణ కొరియా 2023లో 0.72కు పడిపోయింది. రేపు పన్నులు కట్టేదెవరు, మంచం పట్టినవాళ్లను చూసేదెవరు? ఉద్యోగాలున్న దంపతులైనా ఇద్దరిని కనాలి.

పాప వాళ్ల అమ్మ:
మాది కూకట్‌పల్లి, ఆఫీసు గచ్చిబౌలిలో. క్రెష్ ఆరున్నరకు మూసేస్తారు. వాన పడి బస్సు కదలని రోజున మా పాప బ్యాగు తగిలించుకుని, ఆయమ్మ చేయి పట్టుకుని గేటు దగ్గర నిలబడి ఉంటుంది. ఆయమ్మకూ ఇల్లుంది కదా! రెండో బిడ్డను కనమనే వాళ్లెవరూ ఆ గేటు దగ్గరికి రారు. 50 మంది పనిచేసే చోట క్రెష్ ఉండాలని 2017లో చట్టం సవరించారు. మా ఆఫీసులో ఆ గది నిండా విరిగిన కుర్చీలు.

పాతకాలం:
మా అమ్మ ఐదుగురిని పెంచింది. అప్పుడు ఏ క్రెష్ ఉంది?

లెక్క తప్పొద్దు:
2.1 అన్నిచోట్లా ఒకటే కాదు. శిశు మరణాలు ఎక్కువైతే అది పెరుగుతుంది.

ఉప్పల్ మాస్టారు:
దాంతో నా మాట అబద్ధమవుతుందా? రాష్ట్రాలకు లోక్‌సభ సీట్లు ఇప్పటికీ 1971 జనాభా లెక్కల ప్రకారమే ఉన్నాయి. ఆ లెక్క మారిస్తే కుటుంబ నియంత్రణ పాటించిన మన వాటాయే తగ్గుతుంది. ఇద్దరిని మించి పిల్లలుంటే పంచాయతీకి పోటీ చేయకూడదన్న నిబంధనను ఆంధ్రప్రదేశ్ 2024లో ఎత్తేసింది. ప్రభుత్వానికి అర్థమైంది, మీకు కాలేదు. మీ తరానికి సుఖం ముఖ్యం.

లెక్క తప్పొద్దు:
నేను అడిగింది 2.1 గురించి.

పాప వాళ్ల అమ్మ:
సుఖమా? పోయినేడు మా అత్తగారికి తుంటి ఎముక విరిగితే మూడు నెలలు జీతం లేని సెలవు పెట్టింది నేను, ఆవిడ కొడుకు కాదు. నా ప్రమోషన్ ఇంకొకరికి పోయింది. మంచం పట్టినవాళ్లను చూసేదెవరని అడిగారే, మీకు కావలసింది పిల్లలు కాదు మాస్టారూ, కోడళ్లు.

మేడిపల్లి:
మాస్టారూ, మీకెంతమంది?

ఉప్పల్ మాస్టారు:
ఇద్దరు కొడుకులు. ఇద్దరూ అమెరికాలోనే. మా ఆవిడ పోయాక రాత్రిళ్లు తలుపు గడియ పెట్టడం మానేశాను. నాకేమైనా అయితే వాచ్‌మన్ లోపలికి రాగలగాలి.

పాప వాళ్ల అమ్మ:
ఇందాక కోపంలో అన్నాను, మన్నించండి. కానీ ఇద్దరున్నా మీరు గడియ తీసే పడుకుంటున్నారు కదా.

ఉప్పల్ మాస్టారు:
అయినా నా మాట మార్చుకోనమ్మా. వాళ్లమ్మ పోయినప్పుడు అన్నదమ్ములిద్దరూ ఒకే విమానంలో వచ్చారు. దారి పొడుగునా ఒకరి చేయి ఒకరు వదల్లేదట. రేపు మీ పాప ఎవరి చేయి పట్టుకుంటుంది?

పాప వాళ్ల అమ్మ:
రేపటి సంగతి తెలియదు. ఇవాళ మాత్రం ఆయమ్మ చేయి పట్టుకుని ఉంది. నేను వెళ్లేసరికి ఏడు దాటింది.